అత్తెసరు వంట: ఒకే గిన్నెలో పాస్తా, కోడిమాంసము



వంటను గూర్చి ప్రసంగించుటకు ఒక బడిపంతులు పూనుకొనుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. నేను 34 ఏండ్లు పిల్లలకు పద్యములును వ్యాకరణమును చెప్పుచు కాలము గడపినవాడను. అఱువదియేండ్లు దాటువఱకు పొయ్యి వెలిగించి యెఱుగను. అట్టివాడను నేడు ఒక వంటకమును, అందులోను మన దేశమున పుట్టని వంటకమును, మీకు వివరింపబూనితిని. దానికి కారణము కలదు. ప్రసంగము నడచినకొలదిని అది మీకే తెలియగలదు.

మొదట ఒక మాటను గూర్చి చెప్పెదను. పరీక్షలో 35 మార్కులతో గట్టెక్కిన పిల్లవానిని, "అత్తెసరు మార్కులతో బయటపడినాడు" అని మేము ఉపాధ్యాయులము ఎగతాళి చేసెడివారము. ఈ మాట పుట్టినది బడిలో కాదు, వంటయింటిలో. బియ్యము వండుటకు మన యిండ్లలో రెండు పద్ధతులు కలవు. ఎక్కువ నీళ్లు ఎసరుపెట్టి, అన్నము ఉడికిన పిదప గంజి వార్చుట యొకటి. సరిపడు నీళ్లు మాత్రమే కొలిచి పోసి, వార్చనక్కఱ లేకుండ ఆ నీరంతయు మెతుకులోనికే ఇంకిపోవునట్లు వండుట రెండవది. ఈ రెండవ పద్ధతిలోని యెసరునకే అత్తెసరు అని పేరు. నీరు తక్కువైనచో అన్నము పలుకుగా నుండును, ఎక్కువైనచో ముద్దయగును. కనుక అత్తెసరు పెట్టుట చేతగానివారి పని కాదు, కొలత తెలిసినవారి పని. ఇంత చక్కని మాటను చాలీచాలని మార్కులకు పేరుగా వాడి మేము చెఱచితిమి.

నేను ఆ తప్పును బడిలోనే కాక మా అమ్మాయి యింటిలోను చేసితిని. 2023వ సంవత్సరమున అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగరసమీపమున నున్న మా అమ్మాయి యింట కొన్ని మాసములుంటిని. అమ్మాయియు, అల్లుడుగారును ఉద్యోగస్థులు. సోమవారము మొదలు శుక్రవారము వఱకు వారికి పనిదినములు. సాయంకాలము ఆఱు గంటలకు అమ్మాయి యిల్లు చేరును. ఏడు గంటలకు మనుమరాలికి అన్నము పెట్టవలయును. ఎనిమిదిన్నరకు ఆ బిడ్డ పండుకొనవలయును. వంటకు మిగులునది ముప్పది నలువది నిమిషములు మాత్రమే. అంట్లు తోముటకు పనిమనిషి లేదు.

అట్టి యొక సాయంకాలము ఆమె ఒకే గిన్నె పొయ్యిపై పెట్టి, అందులోనే అన్నియు వండి తెచ్చినది. నేను నవ్వులకు, "అమ్మాయీ, మీ అమ్మ పూటకు నాలుగు గిన్నెలు పొయ్యి యెక్కించెడిది. నీది అత్తెసరు వంట" అంటిని. అమ్మాయి మాఱుమాట చెప్పలేదు. భోజనములైన పిమ్మట గిన్నె తోమి బోర్లించి, మరల తన ఆఫీసుపనికి కూర్చుండెను.

ఆ గిన్నెలో నున్నది పాస్తా, కోడిమాంసము, మీగడ కలిసిన వంటకము. పాస్తా అనగా ఇటలీవారి భాషలో పిండిముద్ద యని యర్థము. మన సేమ్యా వంటిదే యనుకొనుడు. కాని మఱింత మందముగ, గట్టిగ నుండును. ఇది దురుమ్ అను నొక జాతి గోధుమతో చేయబడును. ఆ గింజ గట్టిది, లోపల పసుపువన్నె కలది. దానిని ఆడించినచో మెత్తని పిండి కాక రవ్వ వచ్చును. ఆ రవ్వను నీటితో పిసికి, కంచు అచ్చులగుండ నొత్తి, ఎండించినచో పాస్తా యగును. ఇటలీలో ఎండు పాస్తాను ఈ గోధుమరవ్వతోనే చేయవలయునని 1967వ సంవత్సరపు చట్టము విధించెను. మన దేశమునను మధ్యప్రదేశమందలి మాళవప్రాంతమున ఈ గోధుమ పండును.

మార్కోపోలో అను వెనీసు యాత్రికుడు చీనానుండి పాస్తాను తెచ్చెనని ఒక కథ యున్నది. అది నిజము కాదు. అతడు స్వదేశము చేరినది 1295లో. అంతకుముందే, 1279లో, జెనోవా నగరమున వ్రాయబడిన యొక ఆస్తిజాబితాలో మాకరోనీ నింపిన పీపా యొకటి పేర్కొనబడినది. అంతకంటెను ముందు, 1154లో, అల్ ఇద్రీసి యను అరబ్బు భూగోళవేత్త సిసిలీ ద్వీపమున త్రాబియా అను చోట ఎండు సేమ్యాను విరివిగా చేసి ఓడలకెత్తి పంపుచున్నారని వ్రాసెను. ఎండినది చెడదు, దూరము పోగలదు. అదియే దాని బలము.

ఇటలీవారు పాస్తాను, కోడిమాంసమును సాధారణముగ నొక్కగిన్నెలో కలుపరు. వారి భోజనక్రమమున పాస్తా మొదటి వడ్డన. మాంసము రెండవ వడ్డన. ఈ రెండును కలిసినది అమెరికాలో. 1880 మొదలు నలువదేండ్ల కాలములో సుమారు 40 లక్షలమంది ఇటలీవారు అమెరికాకు వలసపోయిరి. స్వదేశమున పండుగనాడు మాత్రమే మాంసము కంటబడిన పేదలకు, క్రొత్తదేశమున అది చవుకగ దొరకినది. క్రమముగ పాస్తాయు మాంసమును ఒక కంచములోనికి వచ్చినవి. మీగడసంగతియు నట్టిదే. రోమునగరమున అల్‌ఫ్రేదో అను పూటకూళ్లయజమాని ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో వెన్నయు, ముదురు చీజును మాత్రమే కలిపి ఒక పాస్తాను ప్రసిద్ధికి తెచ్చెను. దానికి మీగడ చేర్చినవారు అమెరికావారు. కనుక ఈ వంటకము ఇటలీ విత్తనమునకు అమెరికాలో మొలచిన మొక్క.

ఇక వండు పద్ధతి. ఇటలీలో తరతరములుగ వచ్చిన ఆచారము మన గంజి వార్చు పద్ధతియే. 450 గ్రాముల పాస్తాకు నాలుగు మొదలు ఆఱు లీటర్ల నీరు మరగించి, ఉప్పు వేసి, ఉడికించి, నీరు వార్చివేయుదురు. పులుసు వేఱొక గిన్నెలో తయారగును. మాంసమునకు మఱియొక గిన్నె. ఇంత నీరు నిజముగ కావలయునా యను ప్రశ్నను హెరాల్డు మెగీ యను అమెరికా రచయిత పరీక్షించి, 2009లో న్యూయార్కు టైమ్సు పత్రికలో వ్రాసెను. ఒకటిన్నర లేక రెండు లీటర్ల నీటితోనే ఆ పాస్తా చక్కగ నుడుకునని ఆయన తేల్చెను. అడుగంటకుండ కలుపుచుండుటయే దానికి వలయునది. 2013లో మార్తా స్టీవర్టు పత్రికలో, పాస్తాయు కూరగాయలును నీరును ఒకేసారి ఒకే పాత్రలో వేసి వండు పద్ధతి ప్రకటింపబడి అమెరికా యిండ్లలో మిక్కిలి వ్యాపించినది.

ఇందలి రహస్యము గంజిలో నున్నది. గోధుమరవ్వలో పిండిపదార్థము సన్నని రేణువులుగ నుండును. నీరు సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడి యెక్కగానే ఆ రేణువులు నీరు పీల్చి ఉబ్బును. పైనున్న కొన్ని పగిలి నీటిలో కలియును. నీరు తెల్లనై చిక్కబడును. ఎక్కువ నీటిలో ఉడికించినచో ఈ గంజి పలుచనై, వార్పుతో పోవును. తక్కువ నీటిలో ఉడికించినచో అది చిక్కనై గిన్నెలోనే నిలుచును. తరువాత వేయు వెన్న, మీగడ, చీజు నూనెగ విడిపోకుండ నీటితో కలిసియుండుటకు ఈ గంజియే కారణము. సేమ్యాపాయసమును తలచుకొనుడు. మరుగునప్పుడు నీళ్లవలె నున్న పాలు కొంతసేపటికి చిక్కబడుట మనమందఱము చూచినదే. అక్కడ పనిచేయునది సేమ్యా విడిచిన పిండియే.

నలుగురికి సరిపోవు కొలత చెప్పెదను. పాస్తా 250 గ్రాములు; ఎముక లేని కోడిమాంసము 450 గ్రాములు; నీరు 600 మిల్లీలీటర్లు; చిక్కని మీగడ 150 మిల్లీలీటర్లు; తురిమిన ముదురు చీజు 50 గ్రాములు; నీరుల్లి ఒకటి; వెల్లుల్లి నాలుగు రెబ్బలు; వెన్న నిమ్మకాయంత; నూనె ఒక చెంచా; మిరియాలపొడి అరచెంచా; పాలకూర రెండు పిడికిళ్లు. పాస్తాలో రూపములు పెక్కు కలవు. ఈ పనికి పొట్టివి మేలు. మా అమ్మాయి వాడినది పెన్నె యనునది. ఆ మాటకు వారి భాషలో కలములని యర్థము. గొట్టము కొన ఏటవాలుగ కోసి ఈకకలమువలె నుండును. పంతులకు అది నచ్చుటలో వింత లేదు.

గిన్నె వెడల్పైనది, అడుగు మందమైనది, మూత గలది కావలయును. మాంసమును రెండంగుళముల ముక్కలుగ కోసి, తడి యద్ది, కొద్దిగ ఉప్పును మిరియాలపొడియు పట్టించవలయును. నూనె బాగుగ కాగిన పిమ్మట ముక్కలను ఒకదానికొకటి తగులకుండ పఱచి, రెండు మూడు నిమిషములు కదపక యుంచి, ఎఱ్ఱబడిన తరువాత త్రిప్పవలయును. రెండుప్రక్కల ఎఱ్ఱబడగానే పళ్లెములోనికి తీసివేయవలయును. లోపల ఇంకను ఉడికియుండవు, భయము లేదు. వానిని తీయకున్నచో పాస్తా ఉడుకునంతసేపును ఉడికి, మాంసము పీచువలె నగును. ఱొమ్ముమాంసమునకు ఈ జాగ్రత్త ముఖ్యము. తొడమాంసము కొంత యోర్చుకొనును.

ఇప్పుడు గిన్నె యడుగున ఎఱ్ఱని పొర అంటియుండును. దానిని గోకి పాఱవేయరాదు. అది మాడు కాదు. రుచియంతయు అందులోనే యున్నది. నల్లబడి చేదెక్కినదే మాడు. ఆ గిన్నెలోనే వెన్న వేసి, సన్నగ కోసిన నీరుల్లిని మెత్తబడువఱకు వేయించి, చితికిన వెల్లుల్లి వేసి, కమ్మని వాసన రాగానే నీరు పోయవలయును. గరిటెతో నడుగు రాచినచో ఆ యెఱ్ఱని పొర నీటిలో కరగి, నీరు చారువన్నెకు వచ్చును.

నీరు మరగగానే పాస్తా వేసి, ఉప్పు వేయవలయును. ఇచ్చట నొక హెచ్చరిక. వార్చు పద్ధతిలో ఉప్పు చాలవఱకు నీటితో పోవును. ఇందులో పోదు. పైగా చీజులోను ఉప్పు కలదు. కనుక మొదట అరచెంచా చాలును. చివర రుచి చూచి కలుపుకొనవచ్చును. సెగ తగ్గించి, మూత ఓరగ పెట్టి, రెండు నిమిషముల కొకసారి అడుగునుండి కలుపుచుండవలయును. పాస్తా పెట్టెపై ఎన్ని నిమిషములని యుండునో అంతయో, ఇంకొక నిమిషము రెండు నిమిషములు ఎక్కువయో పట్టును. నీరు ముందే యింకిపోయినచో అరగ్లాసు వేడినీరు పోయుటలో తప్పు లేదు.

పాస్తా ముప్పాతిక ఉడికినప్పుడు మాంసపుముక్కలను, పళ్లెములో దిగిన రసముతో గూడ, గిన్నెలో వేసి నాలుగైదు నిమిషములు మూతపెట్టి ఉంచవలయును. ముక్క నడుమ వేడి 74 డిగ్రీల సెంటిగ్రేడునకు రావలయునని అమెరికా వ్యవసాయశాఖ చెప్పుచున్నది. దానిని కొలుచుటకు ముక్కలో గ్రుచ్చు సాధనము అచ్చటి పెక్కిండ్లలో నుండును. పాస్తా ఉడికినదనుటకు గుర్తు: కొఱికినప్పుడు పంటికి కొంచెము ఎదురు తగులవలయును గాని పిండివలె మెదుగరాదు. గిన్నెలో కొద్ది పులుసు మిగిలియుండగనే సెగ ఆర్పవలయును. నిలిచినకొలది అది తనంత చిక్కబడును.

మీగడయు, చీజును, పాలకూరయు వేయుట సెగ ఆర్పిన తరువాతనే. చీజు మరగు వేడిలో పడినచో గట్టి యుండలు కట్టి నెయ్యి విడుచును. ఒక నిమిషము చల్లాఱనిచ్చి, కొద్దికొద్దిగ చల్లుచు కలిపినచో పట్టువలె కలిసిపోవును. మీగడకు బదులు పాలు పోయువారు మఱింత జాగ్రత్తగ నుండవలయును. పలుచని పాలు వేడికిని పులుపునకును విఱుగును. చిక్కని మీగడలో వెన్న యెక్కువ, విఱిగెడి మాంసకృత్తు తక్కువ. అందుచేత అది అంత సులభముగ విఱుగదు. నిమ్మరసము పిండదలచినవారు కంచములో పిండుకొనుట మేలు.

మన పెద్దలు తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. ఇటలీలో పార్మిజానో యను ప్రసిద్ధమైన చీజును చేయుటకు పాలను తోడుపెట్టునది దూడ కడుపునుండి తీసిన పదార్థము. అది సమ్మతము కానివారు శాకాహారపు తోడుతో చేసిన చీజును అడిగి తీసికొనవలయును. మన దేశమున అమ్మునవి యైనచో అట్టివానిపై ఆకుపచ్చని చుక్క యుండును. మాంసము తిననివారు కోడికి బదులు పుట్టగొడుగులను అదే విధమున ఎఱ్ఱగ వేయించి, పచ్చిబటానీలతో వండుకొనవచ్చును.

శుభ్రత విషయమున రెండు మాటలు. పచ్చి కోడిమాంసము కోసిన కత్తిని, పలకను కడుగక వేఱొకదానికి వాడరాదు. చేతులు సబ్బుతో కడుగుకొనవలయును. పచ్చిమాంసమును కుళాయి క్రింద కడిగినచో తుంపరలతో రోగక్రిములు నలుదెసల పడునని, కడుగవద్దని అచ్చటివారు చెప్పుదురు. మిగిలిన వంటకమును రెండు గంటలలోపల రిఫ్రిజిరేటరులో పెట్టవలయును. మఱునాడు రెండు చెంచాల పాలు చిలికించి సన్నసెగపై వేడిచేసినచో మరల మెత్తబడును.

ఇంత వివరముగ చెప్పుచున్న నేను మొదటిసారి వండినప్పుడేమి జరిగినదో దాచను. ఒక సాయంకాలము అమ్మాయి ఆలస్యముగ వత్తునని ఫోను చేసెను. నేనే వండెదనని పూనితిని. మాంసము ఎఱ్ఱబఱచితిని, నీరు పోసితిని, పాస్తా వేసితిని. కొంతసేపటికి నీరు తెల్లగ, జిడ్డుగ కనబడెను. గంజి పట్టినదనుకొంటిని. చిన్ననాట మా యింట చూచిన అలవాటు చొప్పున మూత అడ్డుపెట్టి దానిని తొట్టిలో వార్చివేసితిని. శుభ్రమైన వేడినీరు కొంత పోసి వంట ముగించితిని. మీగడ నీళ్లుగ అడుగున నిలిచెను. చీజు గరిటెకు ఉండగ చుట్టుకొనెను. మనుమరాలు ఒక ముద్ద తిని, "తాతా, ఇది అమ్మ చేసినట్లు లేదు" అనెను.

అమ్మాయి వచ్చి గిన్నెలోనికి చూచి, "నాన్నగారూ, నీళ్లు వార్చినారా?" అని యడిగెను. అవునంటిని. "మీరు పాఱబోసినదే దీనికి ప్రాణము" అని నవ్వి, చెంచాడు మొక్కజొన్నపిండిని చల్లనిపాలలో కలిపి పోసి, సన్నసెగపై కలియబెట్టి, తినదగినట్లు చేసెను. తరువాత నా ప్రక్కన కూర్చుండి, నే నిప్పుడు మీకు చెప్పినదంతయు నాకు చెప్పెను. జీవితమంతయు చెప్పుటయే గాని వినుట యెఱుగని పంతులకు అది మంచి పాఠము.

ఆ రాత్రి గిన్నె నేనే తోమితిని. ఒక గిన్నె తోముటకు నాకు పది నిమిషములు పట్టినది. మా యింటిలో పూటకు నాలుగు గిన్నెలు, అవి గాక కంచములు, చెంబులు, నలువదేండ్లు ఎవరు తోమిరి? ఇప్పుడు లేని నా భార్యను ఆ మాట నేనెన్నడు నడుగలేదు. నాలుగు గిన్నెల వంట నాకు గుర్తున్నది. ఆ నాలుగు గిన్నెల బరువు నాకు తెలియలేదు. ఆమె గొప్పతనమును చూపి అమ్మాయిని తక్కువ చేసితినే గాని, ఇద్దఱిలో ఎవ్వరి శ్రమయు నే నెఱుగనైతిని.

పెద్దలారా, మన పిల్లలు అమెరికాలో నుండవచ్చును, హైదరాబాదులో నుండవచ్చును, ప్రక్క పట్టణముననే యుండవచ్చును. ఉద్యోగము చేసి యలసి వచ్చిన కూతురో కోడలో ఒకే గిన్నె పొయ్యిమీద పెట్టినచో దానిని సోమరితనముగ నెంచకుడు. నీరు కొలిచి, సెగ కొలిచి, ఉన్న కాలమును కొలిచి, దేనిని పాఱబోయక వండునది అత్తెసరు వంట. అత్తెసరు అనగా చాలీచాలనిది కాదు, సరిగా చాలినది. మనచేత నైనచో వండుదము. వండుట రానిచో తినిన పిమ్మట, "ఆ గిన్నె యిటిమ్ము తల్లీ, నేను తోమెదను" అందము. ఈ పాటి విద్య నేర్చుటకు అఱువదియేండ్లు దాటినను ఆలస్యము కాలేదని నా యనుభవము.